బురద ఒక్కటే, ఊరట వేర్వేరు: బీమా లేని ఇంటికి పన్ను మినహాయింపు ఎంతవరకు ఆసరా?



2024 సెప్టెంబరు నెలను తెలుగువారు అంత తేలికగా మరచిపోలేరు. ఆ నెల మొదటి తేదీన బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం ప్రాంతాల ఇళ్లలోకి నీళ్లు చేరాయి. సరిగ్గా ఆ నెలాఖరులో అమెరికాలో హెలీన్ తుపాను ఫ్లోరిడా తీరాన్ని దాటి, సముద్రానికి ఎంతో దూరాన ఉన్న పశ్చిమ నార్త్ కరోలినా కొండ ప్రాంతాన్ని ముంచెత్తింది. రెండు వందల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఒక్క నార్త్ కరోలినాలోనే నష్టం సుమారు 60 బిలియన్ డాలర్లని ఆ రాష్ట్ర ప్రభుత్వం అంచనా వేసింది.

అక్కడైనా ఇక్కడైనా నీళ్లు తీసిన తర్వాత ఇంటివారికి మిగిలింది బురదే. గోడలు నాని, మంచాలు పాడై, కాగితాలు ముద్దయ్యాయి. ఆ తర్వాత వచ్చే ప్రశ్న కూడా ఒక్కటే: ఈ నష్టాన్ని ఎవరు భరిస్తారు?

అమెరికాలో ఆ ప్రశ్నకు చాలామంది నోట వినిపించే జవాబు ఒకటుంది. "ఇన్సూరెన్స్ రాకపోతే ఏం, ట్యాక్స్‌లో రాసుకోవచ్చు కదా!" అక్కడ ఉంటున్న మన బిడ్డలు, మన సంఘాల్లోని కుటుంబాలు కూడా ఈ మాట నమ్ముకుని ఉంటున్నారు. ఆ మాటలో నిజం ఉంది. కాని అది సగం నిజం. ఆ సగం నిజాన్ని నమ్ముకుంటే ఎవరు నిలబడతారో, ఎవరు కూలిపోతారో సంఘాలకు తెలియాలి. ఎందుకంటే చట్టం వదిలేసిన మనిషి చివరికి వచ్చి తట్టేది సంఘం తలుపే.

బీమా ఎందుకు ఉండదు?

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. అమెరికాలో ఇంటికి బీమా చేయించుకున్నవారికి కూడా వరద నష్టం రాకపోవచ్చు. సాధారణ గృహబీమా పాలసీలో వరద చేరదు. కొండచరియలు విరిగి పడిన నష్టమూ చేరదు. వరదకు విడిగా పాలసీ తీసుకోవాలి. దాని కోసం 1968లో అక్కడి కేంద్ర ప్రభుత్వం జాతీయ వరద బీమా పథకాన్ని ప్రారంభించింది. ఆ పథకంలో ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామానుకు 1,00,000 డాలర్లు వస్తాయి. అయితే పాలసీ తీసుకున్న తర్వాత మామూలుగా 30 రోజులు ఆగితేనే అది అమలులోకి వస్తుంది. తుపాను వార్త విన్న రోజున పరుగెత్తి తీసుకుంటే పనికిరాదు.

అప్పు మీద ఇల్లు కొన్నవారిని బీమా తీసుకోమని బ్యాంకు బలవంతం చేస్తుంది. ప్రమాద ప్రాంతమని పటంలో గుర్తించిన చోట వరద బీమా కూడా అడుగుతుంది. అప్పు తీరిపోయినవారిని, తాతతండ్రుల ఇంట్లో ఉంటున్నవారిని అడిగేవారు ఉండరు. కొండల మధ్య ఊళ్లకు వరద వస్తుందని ఎవరూ అనుకోలేదు. అందుకే హెలీన్ దెబ్బతిన్న ఆ కొండ జిల్లాల్లో వరద బీమా ఉన్న ఇళ్లు బహు కొద్ది. ఇది నిర్లక్ష్యమని తీర్పు తీర్చడం సులభం. కాని ప్రీమియం కట్టడమా, పిల్లవాడి మందులు కొనడమా అని తేల్చుకోవలసిన ఇంటిని ఆ మాట అనే ముందు మనం ఆగాలి.

చట్టం ఏమిస్తోంది?

అమెరికా ఆదాయపు పన్ను చట్టంలో అగ్ని, తుపాను, వరద వంటి ఆకస్మిక ప్రమాదాల వల్ల సొంతింటికి కలిగిన నష్టాన్ని ఆదాయం నుండి తగ్గించుకునే వీలు చాలాకాలంగా ఉంది. నష్టం హఠాత్తుగా జరిగినదై ఉండాలి. చెదలు తిన్న దూలం, ఏళ్లతరబడి కారిన పైకప్పు దీని కిందికి రావు.

2017 డిసెంబరులో వచ్చిన పన్ను చట్టం ఈ తలుపును బాగా మూసింది. 2018 నుండి, అమెరికా అధ్యక్షుడు విపత్తుగా ప్రకటించిన ప్రాంతంలో, ఆ విపత్తు వల్ల కలిగిన నష్టానికి మాత్రమే ఈ మినహాయింపు దక్కుతోంది. వంటింట్లో మంట లేచి ఇల్లు కాలిపోయినా, చలికి పైపు పగిలి ఇల్లంతా తడిసినా, పక్కింటి చెట్టు కూలి కప్పు మీద పడినా, ప్రకటన లేకపోతే లేనట్టే. 2025 జూలై 4న సంతకమైన కొత్త చట్టం ఈ ఆంక్షను శాశ్వతం చేసింది. 2026 నుండి రాష్ట్ర గవర్నరు ప్రకటించిన విపత్తులను కూడా, కేంద్ర ఆర్థికశాఖ ఒప్పుకుంటే, లెక్కలోకి తీసుకుంటామని కొంత సడలింపు ఇచ్చింది.

మామూలు లెక్క ఇలా ఉంటుంది. ఇల్లు కొన్న ఖర్చు, విలువలో తగ్గుదల, ఈ రెండింటిలో ఏది తక్కువో అదే నష్టం. అందులోనుండి బీమా సొమ్ము, ప్రభుత్వం మరమ్మతుకు ఇచ్చిన సహాయం తీసివేయాలి. మిగిలినదాంట్లో 100 డాలర్లు, ఆపైన ఆ ఏటి ఆదాయంలో పది శాతం తీసివేయాలి. ఆ తర్వాత మిగిలిందే మినహాయింపు. అదైనా అందరికీ వచ్చే స్టాండర్డ్ డిడక్షన్‌ను వదులుకుని, ఖర్చులన్నీ పద్దులుగా చూపించేవారికే.

హెలీన్ బాధితులకు మాత్రం ఇంతకంటె మంచి లెక్క దొరికింది. 2024 డిసెంబరు 12న సంతకమైన చట్టం వల్ల, 2020 నుండి ప్రకటించిన మహావిపత్తులకు పది శాతం కోత ఎత్తివేశారు. 500 డాలర్లు మాత్రం తీసివేసి, స్టాండర్డ్ డిడక్షన్‌తో పాటే నష్టాన్నీ చూపించుకోనిచ్చారు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ మంటల్లో ఇళ్లు పోగొట్టుకున్నవారికి, అదే ఏడాది జూలై మొదట్లో టెక్సాస్ కొండ ప్రాంతంలో వరద పాలైనవారికి కూడా ఈ లెక్కే వర్తిస్తుంది. కాని ఈ ఉదారత 2025 జూలై 4 నాటికే మొదలైన విపత్తులతో ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిన విపత్తులకు మళ్లీ పాత పది శాతం కోతే.

మూడు ఇళ్లు, ఒకే వరద

అంకెలు చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ఒకే వీధిలో మూడు కుటుంబాలు ఉన్నాయనుకుందాం. మూడూ భార్యాభర్తలు కలిసి రిటర్ను వేసేవే. మూడింటికీ వరద బీమా లేదు. మూడింటికీ నష్టం సమానంగా 60,000 డాలర్లు. 2024 సంవత్సరపు రేట్లతో, పిల్లల క్రెడిట్లు వంటివి పక్కన పెట్టి, హెలీన్ బాధితులకు ఇచ్చిన మంచి లెక్కనే వేద్దాం.

మొదటి ఇంటి ఆదాయం 5,00,000 డాలర్లు. వారికి పన్నులో తగ్గేది 19,040 డాలర్లు.

రెండవ ఇంటి ఆదాయం 1,00,000 డాలర్లు. వారికి తగ్గేది 6,902 డాలర్లు.

మూడవ ఇంటి ఆదాయం 25,000 డాలర్లు. వారి ఆదాయం 29,200 డాలర్ల స్టాండర్డ్ డిడక్షన్ కంటె తక్కువ. వారికి పన్నే లేదు. కనుక తగ్గేది సున్నా. వాడుకోలేకపోయిన నష్టాన్ని తర్వాతి సంవత్సరాలకు మోసుకుపోవచ్చని చట్టం అంటుంది. కాని వచ్చే ఏడు కూడా పన్ను పడని ఇంటికి ఆ మోతవల్ల ఒరిగేదేమీ లేదు.

నీళ్లు మూడు ఇళ్లలోకీ ఒకే ఎత్తున వచ్చాయి. ఊరట మాత్రం ఆదాయాన్ని బట్టి వచ్చింది. ఎక్కువ ఉన్నవారికి ఎక్కువ, ఏమీ లేనివారికి ఏమీ లేదు. ఇది ఏ అధికారి పక్షపాతమూ కాదు. ఎవరి దుర్బుద్ధీ కాదు. పన్ను మినహాయింపు అనే పనిముట్టు తయారైన తీరే అది. పన్ను తగ్గించడం ద్వారా సహాయం చేస్తే, పన్ను కట్టనివారి దాకా అది ఎన్నటికీ చేరదు.

న్యాయంగా చెప్పాలంటే, పాత లెక్కలోని పది శాతం కోత సంపన్నులను గట్టిగానే ఆపుతుంది. అయిదు లక్షల ఆదాయం ఉన్నవారు మొదటి 50,000 డాలర్లు తామే భరించాలి. వారికి మిగిలే మినహాయింపు 9,900 డాలర్లే. అయితే ఆ లెక్క మధ్యతరగతినీ దెబ్బ తీస్తుంది. వేరే పద్దులేవీ లేని రెండవ ఇంటికి అప్పుడు తగ్గే పన్ను 6,902 నుండి 2,484 డాలర్లకు పడిపోతుంది. మూడవ ఇంటికి మాత్రం ఎటు తిప్పినా సున్నాయే.

ఇంకొక మెలిక కూడా ఉంది. కొన్న ఖర్చు, విలువ తగ్గుదల, ఏది తక్కువో అదే నష్టమని పైన చెప్పుకున్నాం. 1975లో 30,000 డాలర్లకు ఇల్లు కొని, అందులోనే పిల్లలను పెంచి, ఇప్పుడు ఒంటరిగా ఉంటున్న ఒక తల్లిని తలచుకోండి. ఈనాడు ఆ ఇంటి విలువ 4,00,000 డాలర్లు ఉండవచ్చు. అది మొత్తం కొట్టుకుపోయినా, మధ్యలో పెద్ద మరమ్మతులేవీ చేయించి ఉండకపోతే, చట్టం లెక్కలో ఆమె నష్టం 30,000 డాలర్లే. మరల కట్టుకోవడానికి అయ్యే ఖర్చు ఆ లెక్కలో ఎక్కడా కనబడదు.

అయినా అడగవలసిందే

ఇదంతా చెప్పడం మినహాయింపు వద్దని కాదు. చట్టం ఇచ్చిన హక్కును తెలియక వదులుకోవడం భక్తి కాదు. రెండవ ఇంటివారికి ఆ 6,902 డాలర్లు అంటే ఒక గది నేల, ఒక హీటరు, పిల్లల పరుపులు. కనుక సంఘ పెద్దలు బాధిత కుటుంబాలకు ఈ సంగతులు విప్పి చెప్పాలి.

ఒకటి. బీమా ఏ కొంచెం ఉన్నా ముందుగా క్లెయిము వేయాలి. ప్రీమియం పెరుగుతుందన్న భయంతో క్లెయిము వేయకుండా, బీమా ఇచ్చి ఉండే నష్టాన్ని పన్నులో చూపించడం కుదరదు.

రెండు. బురద ఎత్తకముందే ఫొటోలు తీయాలి. ఇల్లు కొన్న పత్రాలు, మరమ్మతు రసీదులు, ప్రభుత్వ సహాయం వచ్చిన కాగితాలు ఒకచోట పెట్టాలి. నష్టాన్ని ఫారం 4684లో రాయాలి. ఇంటి నష్టం 20,000 డాలర్ల లోపైతే, ఇద్దరు వేర్వేరు కాంట్రాక్టర్ల అంచనాలు తీసుకుని అందులో తక్కువదాన్ని వాడుకోవచ్చు. 5,000 డాలర్ల లోపైతే, మంచి మనస్సాక్షితో వేసుకున్న సొంత అంచనా, దానికి ఆధారంగా రాసి పెట్టుకున్న లెక్క చాలు.

మూడు. విపత్తు నష్టాన్ని ఆ ఏటి రిటర్నులోనైనా, అంతకు ముందు ఏటి రిటర్నులోనైనా చూపించుకోవచ్చు. ముందు ఏటిది సవరిస్తే డబ్బు త్వరగా చేతికి వస్తుంది. దీనికి గడువుంది గనుక ఆలస్యం పనికిరాదు. 2024 రిటర్నులో హెలీన్ నష్టం అడగడం మరచిపోయినవారికి కూడా దారి ఉంది. రిటర్ను వేసిన మూడేళ్లలోపు సవరణ రిటర్ను వేయవచ్చు.

నాలుగు. ప్రభుత్వం నుండి తక్కువ వడ్డీకి తీసుకున్న విపత్తు రుణం సహాయం కిందికి రాదు. అది తిరిగి కట్టవలసిన అప్పు. దాన్ని నష్టంలోనుండి తీసివేయనక్కరలేదు.

ఐదు. విలువలు పెంచి రాయవద్దు. పదేళ్లనాటి సోఫాకు కొత్త సోఫా ధర వేయడం చిన్న విషయంలా కనబడుతుంది. "అందరూ అలాగే వేస్తారు" అనే సలహా మన మధ్య కూడా వినబడుతుంది. ఇల్లు పోయినప్పుడు మాట కూడా పోగొట్టుకోకూడదు. మన అవును అవునుగా ఉండవలసిన చోట్లలో పన్ను ఫారం కూడా ఒకటి.

సంఘం ఇచ్చే కానుక గురించి

ఇక్కడ సంఘాలు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. బాధిత కుటుంబానికి బంధువులో, ఇరుగుపొరుగువారో ఎలాంటి షరతు లేకుండా నగదు కానుక ఇస్తే, ఆ కుటుంబం దానితో ఇల్లు బాగుచేయించుకున్నా వారి మినహాయింపు తగ్గదు. అదే కానుకను "ఇది మీ పైకప్పు మరమ్మతుకే" అని కట్టుబాటు పెట్టి ఇస్తే, అది నష్టపరిహారం లెక్కలోకి వెళ్లి, అంతమేరకు మినహాయింపు తగ్గుతుంది. మంచి మనసుతో పెట్టిన షరతే ఆ ఇంటికి నష్టం తెస్తుంది. సహాయ నిధి నుండి ఇచ్చేటప్పుడు పెద్దలు ఈ తేడా గుర్తుంచుకోవాలి. ఆ ఇంటివారి అవసరమేమిటో వారికే బాగా తెలుసని నమ్మి ఇవ్వడం మంచిది.

ఇచ్చేవారికి కూడా ఒక మాట. "ఈ సొమ్ము ఫలానా కుటుంబానికే" అని పేరు పెట్టి సంఘానికి ఇచ్చిన చందాకు అమెరికాలో దాతకు పన్ను రాయితీ రాదు. సంఘపు సాధారణ సహాయ నిధికి ఇస్తే రావచ్చు. ఎవరికి ఎంత అవసరమో నిర్ణయించే పని అప్పుడు సంఘానిది. ఆ పని ఎవరి ముఖం చూసీ కాకుండా, కాగితం మీద లెక్క పెట్టుకుని చేయాలి.

ఆ లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో మూడు ఇళ్ల ఉదాహరణ మనకు చూపిస్తోంది. మొదటి ఇంటివారిని పరామర్శించాలి, వారితో ప్రార్థించాలి. రెండవ ఇంటివారి పక్కన కూర్చుని ఫారం నింపడంలో తోడ్పడాలి. అక్కడి తెలుగు సంఘాల్లో లెక్కల పని తెలిసిన సహోదరులు, సహోదరీలు తక్కువేమీ కాదు. రెండు శనివారాలు వారు బల్ల వేసుకుని కూర్చుంటే ఎన్నో కుటుంబాలకు మేలు జరుగుతుంది. డబ్బు మాత్రం ముందుగా మూడవ ఇంటికి వెళ్లాలి. ప్రకటన లేని చిన్న మంటలో ఒంటరిగా ఇల్లు పోగొట్టుకున్నవారికి, పాత ఇంటి తల్లికి వెళ్లాలి. మన నిధులు కూడా బాగా అడగగలిగినవారికే, బాగా తెలిసినవారికే చేరుతుంటే, పన్ను చట్టానికీ మనకూ తేడా ఏముంది?

మన ఊరి మాట

మన దేశంలో సంగతి వేరు. మన ఆదాయపు పన్ను చట్టంలో, సొంతంగా ఉంటున్న ఇల్లు వరదలో పాడైతే ఆ నష్టాన్ని జీతం నుండి తగ్గించుకునే వీలు లేదు. విజయవాడలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మరో దారి పట్టింది. నీట మునిగిన కింది అంతస్తు ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తులవారికి 10,000 రూపాయలు ప్రకటించింది. ఆ మొత్తం నష్టానికి చాలినది కాదని అందరికీ తెలుసు. జాబితాలో తమ పేరు లేదని సచివాలయాల చుట్టూ తిరిగినవారూ ఉన్నారు. కాని ఆ పద్ధతిలో గమనించవలసినది ఒకటుంది. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయన్నదే అది అడిగింది. ఇంటివారి ఆదాయం ఎంతని అడగలేదు.

రెండు పద్ధతుల్లో ఏదీ సంపూర్ణం కాదు. అమెరికా పద్ధతి నష్టాన్ని జాగ్రత్తగా లెక్కిస్తుంది, కాని బీదవాడిని లెక్కలోనుండి వదిలేస్తుంది. మన పద్ధతి బీదవాడిని చేర్చుకుంటుంది, కాని నష్టాన్ని లెక్కించదు. అక్కడి చట్టసభ సభ్యులు పన్ను మినహాయింపును పన్ను లేనివారికి కూడా తిరిగి నగదుగా ఇచ్చే క్రెడిట్‌గా మారిస్తే, మూడవ ఇంటికి కూడా ఏదో ఒకటి అందుతుంది. ఓటు హక్కు ఉన్న మనవారు ఆ మాట తమ ప్రతినిధులను అడగవచ్చు. మన పాలకులు ఇచ్చే సాయం జరిగిన నష్టానికి దగ్గరగా ఉండాలని మనమూ అడగవచ్చు.

అంతవరకు సంఘాలు చేయగల పని ఒకటుంది. ఈ ఆదివారం ఆరాధన తర్వాత పెద్దలు ఒక పావుగంట కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోండి. మన సంఘంలో బీమా లేని ఇళ్లు ఎన్ని? రేపు నీళ్లు వస్తే, చట్టం సహాయం అందనివారు వారిలో ఎవరు? వారికోసం మన నిధిలో ఈరోజు ఎంత ఉంది? జవాబులు కాగితం మీద రాసి పెట్టండి. ఆ కాగితాన్ని మాత్రం కాస్త ఎత్తైన చోట, తడవకుండా దాచండి.